తారీఖు పార్టీలది, తారీఖ్ ఎవరిది?

ఉర్దూలో తారీఖ్ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి తేదీ, రెండోది చరిత్ర. ఆ మాట తెలుగులోకి వచ్చేసరికి తేదీ ఒక్కటే మిగిలింది. చరిత్ర దారిలో ఎక్కడో జారిపోయింది. రెండు భాషల్లోనూ వార్తలు రాసే మాకు, పార్టీ ఆఫీసుల నుంచి వచ్చే జయంతి, వర్ధంతి ప్రకటనలు చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తొస్తుంది. పార్టీలకు కావలసింది తెలుగు తారీఖు. ఉర్దూ తారీఖ్ అంటే వాటికి భయం.

ఇది మన దేశంలోనే ఉన్న జబ్బు కాదు. అమెరికాలో నల్లజాతి ప్రజలు నడిపిన పౌరహక్కుల ఉద్యమాన్ని అక్కడి రెండు పెద్ద పార్టీలు ఎట్లా స్మరించుకుంటూ వచ్చాయో చూస్తే జబ్బు లక్షణాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. పౌరహక్కులు అనగానే మన దగ్గర ఎన్‌కౌంటర్లు, నిజనిర్ధారణ కమిటీలు గుర్తొస్తాయి. అక్కడ ఆ మాటకు అర్థం ఇంకా కిందిమెట్టుది. బస్సులో ముందు సీట్లో కూర్చోవడం, హోటల్లో తెల్లవాడి పక్కన తినడం, దగ్గరున్న బడిలో పిల్లల్ని చేర్పించడం, ఓటేయడం. వీటి కోసం 1950ల నడుమ నుంచి 1960ల చివరిదాకా జనం లాఠీలు తిన్నారు, జైళ్లు నింపారు, చచ్చిపోయారు. ఆ ఉద్యమం గురించి తెలుగులో దళితులూ ముస్లింలూ చాలానే రాశారు. దానికి తర్వాత కట్టిన గోరీల గురించి, ఆ గోరీల మీద చాదర్ కప్పడానికి పోటీపడే ముజావర్ల గురించి రాసింది తక్కువ.

2013 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారక భవనం దగ్గర పెద్ద సభ జరిగింది. సరిగ్గా 50 ఏళ్ల కింద, 1963లో, అదే చోట రెండున్నర లక్షల మంది పోగయ్యారు. మార్టిన్ లూథర్ కింగ్ కల గురించి చెప్పింది అక్కడే. ఆ రోజుకు స్వర్ణోత్సవం ఇది. ముగ్గురు డెమొక్రాట్లు, అప్పటి అధ్యక్షుడు ఒబామా, మాజీ అధ్యక్షులు క్లింటన్, కార్టర్ మాట్లాడారు. రిపబ్లికన్ పార్టీ తరఫున గెలిచి పదవిలో ఉన్న నాయకుడు ఒక్కరూ ఆ వేదిక మీద మాట్లాడలేదు. మాజీ అధ్యక్షులైన బుష్‌లు తండ్రీకొడుకులిద్దరికీ ఒంట్లో బాగాలేదు. ప్రతినిధుల సభ స్పీకర్ జాన్ బేనర్‌కూ, ఆ సభలో పార్టీ నాయకుడు ఎరిక్ కాంటర్‌కూ పిలుపు వెళ్లింది, ఇద్దరూ రాలేదు. ఆ పార్టీ అదే వారంలో తన స్మారక సభ తాను విడిగా జరుపుకుంది. ఒకే మయ్యిత్‌కు రెండు ఫాతిహాలన్న మాట. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు అని పత్రికలు లెక్కలు వేసుకున్నాయి.

అసలు ఖబర్ అది కాదు. అంతకు రెండు నెలల ముందు, జూన్ 25న, అమెరికా సుప్రీంకోర్టు షెల్బీ కౌంటీ కేసులో తీర్పిచ్చింది. 1965 ఓటు హక్కుల చట్టం కింద, నల్లవాళ్లను ఓటుకు దూరంగా ఉంచిన చరిత్ర ఉన్న రాష్ట్రాలు, ప్రాంతాలు తమ ఎన్నికల నిబంధనల్లో ఏ చిన్న మార్పు చేయాలన్నా ముందుగా కేంద్ర న్యాయశాఖ దగ్గరో వాషింగ్టన్ కోర్టు దగ్గరో అనుమతి తెచ్చుకోవాలి. పోలింగ్ కేంద్రం మార్చాలన్నా, నియోజకవర్గం గీత జరపాలన్నా సరే. ఏయే ప్రాంతాలు ఆ జాబితాలోకి వస్తాయో చెప్పే సూత్రం పాతబడిపోయిందని, దేశం మారిందని, అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచి ఆ సూత్రాన్ని కొట్టేశారు. సూత్రం పోయాక అనుమతి నిబంధన కాగితం మీద ఉన్నా లేనట్టే. తీర్పు వచ్చిన రోజే టెక్సాస్ ప్రభుత్వం, అప్పటిదాకా ఆగి ఉన్న తన ఓటరు గుర్తింపు కార్డుల చట్టాన్ని అమల్లో పెడతానంది. స్వర్ణోత్సవానికి పదహారు రోజుల ముందు, ఆగస్టు 12న, నార్త్ కరోలినా గవర్నర్ ఇంకా గట్టి చట్టం మీద సంతకం చేశాడు. అది నల్లజాతి ఓటర్లను శస్త్రచికిత్స చేసినంత కచ్చితంగా గురిపెట్టిందని 2016లో అప్పీలు కోర్టు తేల్చి కొట్టేసింది. ఈలోగా ఎన్నికలు జరిగిపోయాయి.

దండ వేసిన చేతులూ ఓటు తీసిన చేతులూ ఒకటేనని మేం అనడం లేదు. స్వర్ణోత్సవ వేదిక మీద ఆ తీర్పును నిలదీసిన వాళ్లున్నారు. అందరికన్నా గట్టిగా అడిగినవాడు జాన్ లూయిస్. 1963 సభలో మాట్లాడిన ప్రధాన వక్తల్లో అప్పటికి బతికున్నది ఆయనొక్కడే. ఆయన దగ్గరికి మళ్లీ వస్తాం.

ఇంతకూ ఈ ఉద్యమానికి వారసులం మేమంటే మేమని రెండు పార్టీలు ఎందుకు కొట్టుకుంటాయి? ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి మరి. రిపబ్లికన్లు 1964 పౌరహక్కుల చట్టం మీద జరిగిన ఓటింగ్ చూపిస్తారు. సెనేట్‌లో వాళ్ల సభ్యులు 33 మందిలో 27 మంది చట్టానికి ఓటేశారు. డెమొక్రాట్లు 67 మందిలో 46 మందే వేశారు. శాతాల్లో చూస్తే రిపబ్లికన్లదే పైచేయి. రోజుల తరబడి ప్రసంగాలతో బిల్లును ఓటుకు రానివ్వకుండా అడ్డుపడిన ముఠా డెమొక్రాట్లదే. వాళ్లలో రాబర్ట్ బర్డ్ ఒక్కడే ఏకబిగిన 14 గంటలు మాట్లాడాడు. ఆ అడ్డు తొలగించడానికి రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్ సాయం లేకపోతే కుదిరేదే కాదు. మీరేనా మాకు పాఠాలు చెప్పేది అని వాళ్లడుగుతారు. ఇదంతా నిజమే.

అయితే అదే ఓటింగును ప్రాంతాలవారీగా విడదీసి చూడండి. మొదటిసారి బిల్లు ప్రతినిధుల సభలో గెలిచినప్పుడు దక్షిణాది డెమొక్రాట్లలో ఏడుగురు అనుకూలం, 87 మంది వ్యతిరేకం. దక్షిణాది రిపబ్లికన్లు పదిమంది ఉంటే పదిమందీ వ్యతిరేకం. ఉత్తరాదిలో రెండు పార్టీల్లోనూ అత్యధికులు అనుకూలం. అంటే చట్టాన్ని నిర్ణయించింది పార్టీ జెండా కాదు, పాత బానిస రాష్ట్రాల గీత. అదే ఏడాది రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టిందెవర్నో తెలుసా? ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటేసిన బ్యారీ గోల్డ్‌వాటర్‌ను. ఆయన గెలిచింది ఆరే రాష్ట్రాలు. సొంత రాష్ట్రం అరిజోనా తీసేస్తే మిగతా అయిదూ మిసిసిపి, అలబామా, జార్జియా, లూసియానా, సౌత్ కరోలినా. తరాలుగా డెమొక్రాట్లకు పెట్టనికోటలైన చోట్లు. మిసిసిపిలో నూటికి 87 ఓట్లు ఆయనకే పడ్డాయి. ఓటు ఉన్నవాళ్లంతా దాదాపు తెల్లవాళ్లే కనుక ఆ అంకెలో ఆశ్చర్యం లేదు. సౌత్ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ ఆ సెప్టెంబరులోనే డెమొక్రాటిక్ పార్టీ వదిలి రిపబ్లికన్ అయ్యాడు. తర్వాత నిక్సన్ దక్షిణాది వ్యూహం, 1980 ఆగస్టులో రేగన్ మిసిసిపిలోని నెషోబా జాతరలో నిలబడి రాష్ట్రాల హక్కుల గురించి చేసిన ప్రసంగం, ఇవన్నీ ఆ దారిలో మైలురాళ్లు. 1964లో ముగ్గురు ఉద్యమ కార్యకర్తల్ని చంపి మట్టికట్ట కింద పూడ్చిపెట్టింది ఆ జిల్లాలోనే. చిరునామా మారింది, కాపురం అదే. 2005లో రిపబ్లికన్ జాతీయ కమిటీ అధ్యక్షుడు కెన్ మెల్‌మన్ నల్లవాళ్ల సంస్థ ఎన్‌ఏఏసీపీ సభకు వెళ్లి, జాతి విభజన మీద లాభపడాలని చూడడం తప్పేనని ఒప్పుకున్నాడు కూడా.

కాబట్టి రిపబ్లికన్లు 1964 కాగితం చూపించడమంటే, అమ్మేసుకున్న ఇంటి పాత దస్తావేజు చూపించడం లాంటిది.

డెమొక్రాట్ల దస్తావేజులో కూడా కొన్ని పేజీలు చింపేసి ఉన్నాయి. 1963 సభ కెనెడీ ఆశీస్సులతో జరిగినట్టు వాళ్ల స్మారక ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. కెనెడీ మొదట ఆ సభే వద్దన్నాడు. ఆపలేనని తేలాక చల్లబరిచే పనిలో పడ్డాడు. అది ఉద్యోగాలూ స్వేచ్ఛా రెండూ కావాలని పెట్టిన సభ. కనీస కూలి గంటకు రెండు డాలర్లు చేయాలన్నది వాళ్ల డిమాండ్లలో ఒకటి. అది ఇప్పుడు ఏ పార్టీ పోస్టరు మీదా కనిపించదు. ఇరవైమూడేళ్ల లూయిస్ రాసుకొచ్చిన ప్రసంగంలో ప్రభుత్వం పెట్టిన బిల్లును మనస్ఫూర్తిగా సమర్థించలేమని ఉంటే, ప్రభుత్వమూ పెద్దలూ కంగారుపడి మెత్తబరిపించారు. మెత్తబరిచాక కూడా ఒక ప్రశ్న మిగిలింది. కెనెడీ ఉన్న పార్టీలోనే మిసిసిపి భూస్వామి, సెనేటర్ ఈస్ట్‌లాండ్ ఉన్నాడు, ఉదారవాది జావిట్స్ ఉన్న పార్టీలోనే గోల్డ్‌వాటర్ ఉన్నాడు, మరి మా పార్టీ ఏది అని ఆ కుర్రవాడు లక్షలాది జనం ముందు అడిగాడు. ఆ సభ స్మరణలో కింగ్ కలను వెయ్యిసార్లు చూపిస్తారు, ఈ ప్రశ్నను చూపించరు. అది రెండు పార్టీలకూ తగులుతుంది మరి. సభ జరిగిన రెండు నెలల్లోపే, అంటే అక్టోబరులో, అధ్యక్షుడి తమ్ముడూ న్యాయశాఖ మంత్రీ అయిన రాబర్ట్ కెనెడీ, కింగ్ ఫోన్లు వినడానికి ఎఫ్‌బీఐకి అనుమతిచ్చాడు.

మరుసటి ఏడాది ఆగస్టులో అట్లాంటిక్ సిటీలో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ. మిసిసిపి నుంచి వచ్చిన అధికారిక ప్రతినిధులంతా తెల్లవాళ్లే. నల్లవాళ్లను పార్టీ సభ్యత్వానికే రానివ్వని చోట ఇంకెవరొస్తారు? వాళ్లకు పోటీగా మిసిసిపి ఫ్రీడమ్ డెమొక్రాటిక్ పార్టీ పేరుతో మరో జట్టు వచ్చింది. పత్తిచేలల్లో కూలిపని చేసిన ఫానీ లూ హేమర్, ఓటు నమోదు చేసుకోబోయినందుకు పని ఎట్లా పోయిందో, జైల్లో తనను ఎట్లా కొట్టించారో కమిటీ ముందు చెప్పింది. ఆమె మాట్లాడుతుంటే టీవీ కెమెరాలు అటే తిరిగి ఉన్నాయని, అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు విలేకరుల సమావేశం పెట్టి వాటిని తనవైపు తిప్పుకున్నాడు. విలేకరులుగా ఆ కిటుకు మాకు బాగా తెలుసు. చివరికి రెండు సీట్లిస్తాం, సర్దుకోండి అన్నారు. జట్టు ఒప్పుకోలేదు. ఓటు హక్కుల చట్టం మీద సంతకం చేసింది జాన్సనే, అది ఎవరూ కాదనరు. కానీ 1965 మార్చి 7న సెల్మాలో, ఎడ్మండ్ పెట్టస్ వంతెన మీద సుమారు 600 మంది నిరాయుధుల మీదికి గుర్రాలనూ టియర్ గ్యాస్‌నూ తోలిన అలబామా పోలీసుల పై అధికారి, గవర్నర్ జార్జ్ వాలెస్ కూడా ఆ పార్టీవాడే. ఆ రోజు లూయిస్ తల పగిలింది.

ఇక సెలవు దినం కథ. 1968 ఏప్రిల్ 4న కింగ్‌ను మెంఫిస్‌లో కాల్చి చంపారు. అక్కడికి ఆయన వెళ్లింది పారిశుధ్య కార్మికుల సమ్మెకు మద్దతుగా. అప్పటికి ఆయన దేశం మెచ్చిన నాయకుడు కాదు. 1966లో గాలప్ సర్వే చేస్తే నూటికి 63 మంది ఆయన నచ్చడన్నారు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించాక, పేదల ఉద్యమం మొదలుపెట్టాక, ఒకప్పటి స్నేహితులే దూరం జరిగారు. చనిపోయిన నాలుగో రోజున డెట్రాయిట్ డెమొక్రాట్ జాన్ కాన్యర్స్ ఆయన పుట్టినరోజును జాతీయ సెలవుగా చేయాలని బిల్లు పెట్టాడు. అది నెగ్గడానికి 15 ఏళ్లు పట్టింది. 1979లో ప్రతినిధుల సభలో అయిదు ఓట్లతో ఓడింది. గాయకుడు స్టీవీ వండర్ పాట కట్టాడు, కింగ్ భార్య కొరెట్టా ఊరూరా తిరిగింది, 60 లక్షల సంతకాలు పోగయ్యాయి. 1983లో సెనేట్‌లో జెస్సీ హెల్మ్స్ అనే రిపబ్లికన్ సెనేటర్ కింగ్‌కు కమ్యూనిస్టు అని ముద్రవేసే కాగితాల కట్ట పంచితే, డెమొక్రాట్ మొయినిహన్ దాన్ని చెత్త అని నేలకేసి కొట్టాడు. చివరికి 78 మంది అనుకూలం, 22 మంది వ్యతిరేకం. ఆ 22లో 18 మంది రిపబ్లికన్లు. పౌరహక్కుల బిల్లును అడ్డుకోవడంలో పేరు మోసిన థర్మండ్ మాత్రం సెలవుకు అనుకూలంగా ఓటేశాడు. లోకం తెలిసినవాడు. హక్కుకు అడ్డం పడినవాడికి సెలవు ఇవ్వడానికి చేతులు రావడంలో వింతేముంది?

కింగ్ కమ్యూనిస్టు సానుభూతిపరుడా అని విలేకరులు అడిగితే, ముప్పయ్యయిదేళ్లలో తెలుస్తుందిలే అన్నాడు రేగన్. తర్వాత కొరెట్టాకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. నవంబరు 2న అదే రేగన్ గులాబీ తోటలో కొరెట్టాను పక్కన నిలబెట్టుకుని సంతకం చేశాడు. సెలవు వచ్చాక కూడా రాష్ట్రాలు లొంగలేదు. 1987లో అరిజోనా కొత్త గవర్నర్ సెలవు రద్దుచేశాడు, 1990లో ఓటర్లు మళ్లీ వద్దన్నారు. ఫుట్‌బాల్ సంఘం 1993 సూపర్ బౌల్‌ను అక్కడి నుంచి తీసేసి కాలిఫోర్నియాకు మార్చింది. సొమ్ము పోయేసరికి 1992లో ఓటర్లకు కింగ్ గొప్పవాడయ్యాడు. సౌత్ కరోలినా తన ఉద్యోగులందరికీ ఆ సెలవు ఇచ్చింది 2000లో. 2011 నాటికి అదే గాలప్ సర్వేలో కింగ్ నచ్చాడన్నవాళ్లు నూటికి 94. బతికున్నప్పుడు 63 మందికి నచ్చని మనిషి చచ్చాక 94 మందికి నచ్చాడంటే మారింది జనమేనా, మనిషిని కూడా మార్చేశారా?

మార్చేశారనడానికి మా దగ్గర ఒక సాక్ష్యం ఉంది, అది మన దేశంతో ముడిపడింది. కింగ్ ప్రసంగం మొత్తంలో పార్టీలు ఒక్క వాక్యాన్ని ఏరుకున్నాయి. పిల్లలను చర్మం రంగుతో కాక గుణంతో కొలవాలన్న మాట అది. ముఖ్యంగా రిపబ్లికన్లు దాన్ని తావీజులా మెళ్లో కట్టుకున్నారు. నల్లవాళ్లకు ప్రత్యేక అవకాశాలు ఇవ్వడం, అంటే మన భాషలో రిజర్వేషన్లు, కింగ్ కలకే విరుద్ధమన్నారు. 1996లో కాలిఫోర్నియాలో ఆ అవకాశాలను రద్దుచేసే ప్రతిపాదన 209 ప్రచారానికి ఆ రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ కింగ్ ప్రసంగం బొమ్మనే టీవీ ప్రకటనలో పెట్టబోయింది. గొడవ కావడంతో తీసేసింది. ప్రతిపాదన మాత్రం గెలిచింది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు యూనివర్సిటీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని దేశమంతటా ఆపేసింది.

మరి కింగ్ ఏమన్నాడు? 1959లో ఆయన, కొరెట్టా, చరిత్రకారుడు రెడ్డిక్ కలిసి నెల రోజులు మన దేశంలో తిరిగారు. నెహ్రూతో భోజనం చేశారు. ఆ సంభాషణ గురించి 1964లో వచ్చిన 'వై వి కాంట్ వెయిట్' పుస్తకంలో కింగ్ రాశాడు. కాలేజీ సీటుకు అంటరాని కులం విద్యార్థి, పై కులం విద్యార్థి పోటీపడితే మొదటివాడికే ఇవ్వాలన్న నియమం ఉందని నెహ్రూ చెప్పాడట. అది కూడా వివక్షే కదా అని రెడ్డిక్ అడిగాడట. కావచ్చు, కానీ శతాబ్దాలుగా చేసినదానికి మా పరిహారం ఇదే అని జవాబు. కింగ్ దీన్ని మెచ్చుకుంటూ రాసి, అమెరికా కూడా ఇట్లాంటి దారి వెతుక్కోవాలన్నాడు. ఆ మాట ఇంకా కొన్నిచోట్ల కూడా గట్టిగానే చెప్పాడు. ఆ పేజీ స్మారక సభల్లో ఎవరూ తెరవరు. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన ముస్లిం సమూహాలకు నాలుగు శాతం ఇచ్చినప్పటి నుంచి మేం వింటున్న వాదన సరిగ్గా ఇదే. ప్రతిభ, సమానత్వం, దేశం ఒక్కటే. చెప్పేవాళ్ల వెనకాల గోడ మీద అంబేద్కర్ పటం.

ఇంకో సంగతి, ఇది మాకు మరీ దగ్గరిది. ఆ స్మారక వేదికల మీద ఎవరి పేర్లు వినపడవు? మాల్కం ఎక్స్ పేరు వినపడదు. కింగ్, మాల్కం జీవితంలో ఒక్కసారే కలిశారు, 1964 మార్చి 26న, పౌరహక్కుల బిల్లు మీద సెనేట్ చర్చ చూడడానికి ఇద్దరూ వచ్చిన రోజు. వారం తర్వాత క్లీవ్‌లాండ్‌లో మాల్కం చేసిన ప్రసంగంలో పార్టీల లెక్క అంతా విప్పాడు. మీరు డెమొక్రాట్లను ముందు పెడుతున్నారు, వాళ్లు మిమ్మల్ని చివర పెడుతున్నారు అన్నాడు. దక్షిణాది జాతివివక్ష సెనేటర్లు వేరే జాతి కాదు, ముసుగు వేసుకున్న డెమొక్రాట్లే అన్నాడు. ఇంత సూటిగా పార్టీల గుట్టు చెప్పినవాణ్ని ఏ పార్టీ స్మరిస్తుంది? ఆ వసంతంలోనే హజ్‌కు వెళ్లి వచ్చి మాలిక్ అల్ షబాజ్ అయ్యాడు. 1965 ఫిబ్రవరి 4న సెల్మా వెళ్లి నల్లవాళ్లతో మాట్లాడాడు. మూడు వారాలు తిరక్కుండానే చంపేశారు. సెల్మా కథ చెప్పేవాళ్లు ఆ రాకను చెప్పరు. 1999లో ఒక తపాలా బిళ్ల మాత్రం వేశారు. ముహమ్మద్ అలీది ఇంకో తీరు. 1967లో వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు బిరుదు లాక్కుని శిక్ష వేశారు. 2005లో, ఇరాక్ మీద యుద్ధం నడుపుతున్న బుష్ చేతుల మీదుగా అదే అలీ మెడలో దేశ అత్యున్నత పౌర పతకం పడింది. అప్పటికి జబ్బుతో అలీ మాట దాదాపు పడిపోయింది. మాట్లాడలేని ముసల్మాన్ అంటే అందరికీ ముద్దే.

మా ఊరి తారీఖు ఒకటి ఇక్కడ చెప్పకుండా ఉండలేం. సెప్టెంబర్ 17. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన రోజు. దానికి ఎన్ని పేర్లు! బీజేపీకి అది విమోచన దినం, 2024లో కేంద్రం కూడా అధికారికంగా ఆ పేరే పెట్టింది. 2022లో టీఆర్ఎస్ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కాంగ్రెస్ ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. ముగ్గురికీ తారీఖు ఒకటే. రజాకార్ల మీద కలంతో పోరాడిన ఉర్దూ పాత్రికేయుడు, 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆ ఆగస్టులోనే రజాకార్లు నరికి చంపారు. ఆయన పేరు అందరూ తీస్తారు, తీయాలి కూడా. ఆయన మాకూ గర్వకారణమే. సైనిక చర్య తర్వాత ఊళ్లలో ముస్లింల మీద జరిగిన హత్యాకాండపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికను మాత్రం ఎవరూ తీయరు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా. ఆ నివేదిక ఢిల్లీలో అందరూ చదివేందుకు వీలుగా బయటికి వచ్చింది 2013లో. ఏ పేరు పెట్టిన పార్టీ అయినా సరే, జెండా ఎగరేసిన చోట ఆ అంకె చదివిందా? కలిసినందుకు దుఃఖపడమని మేం అడగడం లేదు. చచ్చినవాళ్లను లెక్కలో వేయమంటున్నాం.

లూయిస్ దగ్గరికి వస్తాం. 2015 మార్చి 7న సెల్మా 50 ఏళ్ల సభకు ఒబామాతోపాటు రిపబ్లికన్ మాజీ అధ్యక్షుడు బుష్ కూడా వచ్చాడు. 2006లో ఓటు హక్కుల చట్టాన్ని ఇంకో 25 ఏళ్లు పొడిగిస్తూ సంతకం చేసింది ఈ బుష్షే. అప్పుడు సెనేట్‌లో 98 మంది అనుకూలం, వ్యతిరేకం సున్నా. సెల్మా సభకు రెండు పార్టీల నుంచీ దాదాపు వందమంది కాంగ్రెస్ సభ్యులొచ్చారు, వంతెన మీద నడిచారు, ఫోటోలు దిగారు. ఢిల్లీ నుంచి వచ్చిన నాయకులు మన దగ్గర దర్గాకు వచ్చి టోపీ పెట్టుకున్నట్టే. కోర్టు కొట్టేసిన సూత్రం స్థానంలో కొత్త సూత్రం తెచ్చే బిల్లు ఆ ఏడాదీ కదల్లేదు, మర్నాడూ కదల్లేదు.

2020 జూలై 17న లూయిస్ చనిపోయాడు. శవపేటికను గుర్రపుబండిలో చివరిసారి ఆ వంతెన దాటించారు. కాంగ్రెస్ భవనంలో పెట్టినప్పుడు రెండు పార్టీల నాయకులూ పొగిడారు. అట్లాంటాలో అంత్యక్రియలకు ముగ్గురు మాజీ అధ్యక్షులు వచ్చారు, అందులో బుష్ ఒకడు. ఆ తర్వాత బిల్లుకు లూయిస్ పేరు పెట్టారు. 2021 ఆగస్టు 24న ప్రతినిధుల సభలో 219 ఓట్లతో గెలిచింది. వ్యతిరేకం 212. ఒక్క రిపబ్లికన్ ఓటూ పడలేదు. నవంబరులో సెనేట్‌లో అడ్డుకున్నారు, రిపబ్లికన్లలో అలాస్కా సెనేటర్ మర్కౌస్కీ ఒక్కతే బిల్లు చర్చకు రావడానికి ఓటేసింది. 2022 జనవరిలో అడ్డుపడే నిబంధనను పక్కన పెడదామంటే ఇద్దరు డెమొక్రాట్లు, మాంచిన్, సినెమా కలిసిరాలేదు. అక్కడితో ఆగింది.

అదే 2021 జూన్‌లో, బానిసత్వం ముగింపుకు గుర్తుగా జూన్ 19ని జాతీయ సెలవుగా చేసే బిల్లు సెనేట్‌లో ఏకగ్రీవంగా నెగ్గింది. ప్రతినిధుల సభలో 415 మంది అనుకూలం, 14 మంది వ్యతిరేకం. మూడు రోజుల్లో పని అయిపోయింది.

సెల్మా వంతెనకు ఎడ్మండ్ పెట్టస్ పేరే ఉంది. ఆయన బానిసత్వం కోసం పోరాడిన సైన్యాధికారి, క్లూ క్లక్స్ క్లాన్ నాయకుడు, డెమొక్రాటిక్ సెనేటర్. ఆ పేరు తీసేద్దామని 2015లో కొందరంటే వద్దన్నవాడు లూయిస్. అక్కడ ఏం జరిగిందో తెలియాలంటే ఆ పేరు అట్లాగే ఉండాలన్నది ఆయన వాదన. ఆ అలబామాలోనూ, పక్కనున్న మిసిసిపిలోనూ ఏటా జనవరి మూడో సోమవారం సర్కారు ఆఫీసులు మూస్తారు. అక్కడి సర్కారు క్యాలెండర్‌లో ఆ సెలవు ఇద్దరి పేరు మీద ఉంటుంది. ఒకరు మార్టిన్ లూథర్ కింగ్. రెండోవాడు బానిస రాష్ట్రాల సేనాపతి రాబర్ట్ ఈ. లీ.